నర్సులకి డ్యూటీలో అన్నం తినే టైమ్: అడగడం, రాయించుకోవడం, నిలబెట్టుకోవడం ఎలా

ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసే నర్సుని మధ్యాహ్నం మూడింటికి "తిన్నారా సిస్టర్?" అని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు "ఇంకా లేదు" అనే. రౌండ్స్ అయ్యాక తిందామనుకుంటారు. రౌండ్స్ అయ్యేసరికి కొత్త ఆర్డర్లు, అవి ముగిసేలోపు రెండు డిశ్చార్జులు, ఖాళీ అయిన బెడ్డు మీదకి క్యాజువాల్టీ నుంచి కొత్త అడ్మిషన్. పొద్దున ఆరింటికి కట్టుకున్న క్యారేజీని సాయంత్రం విప్పితే పప్పు వాసన మారి ఉంటుంది. మళ్లీ మూత పెట్టి ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు ఎంతమందో.

దీన్ని మనం ఓపిక అనుకుంటున్నాం, సేవ అనుకుంటున్నాం. కడుపు మాడి, కళ్లు తిరుగుతూ ఇన్సులిన్ యూనిట్లు లెక్కపెట్టే నర్సు వల్ల పేషెంటుకి ఏం మేలు? అమెరికాలో నర్సుల పనిగంటల మీద 2004లో వచ్చిన ఒక పరిశోధన, పన్నెండున్నర గంటలు, అంతకు మించి సాగిన షిఫ్టుల్లో తప్పు జరిగే అవకాశం మూడు రెట్లు ఉంటుందని తేల్చింది. మన దగ్గర 12 గంటల డ్యూటీ, పైన హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టు వాళ్లకి పేషెంట్లని అప్పజెప్పడం) కలిపితే ఆ గీత దాటడం రోజువారీ సంగతి.

బ్రేక్ ఎందుకు దొరకలేదంటే అందరం "బిజీ" అనే అంటాం. నేను చూసినంతలో అసలు కారణం వేరు. ఆ అరగంట మీ పేషెంట్లని ఎవరు చూస్తారో ఎక్కడా పేరు రాసి ఉండదు. పేరు రాసి ఉన్న వార్డులో ఎంత రద్దీ ఉన్నా నర్సులు తింటారు. పేరు లేని చోట ఖాళీగా ఉన్న రోజు కూడా స్టేషన్‌లో నిలబడి రెండు ముద్దలు మింగి పరుగెత్తుతారు. కాబట్టి కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్క పేరు రాయించడం కోసమే.

మొదటి పని: మీ చేతిలో ఏ కాగితం ఉందో చూసుకోండి

అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీయండి. డ్యూటీ గంటలు, వారానికి ఆఫ్, ఓవర్‌టైమ్, బ్రేక్, నోటీస్ పీరియడ్, వీటి గురించి ఏముందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. చాలా లెటర్లలో "హాస్పిటల్ పాలసీ ప్రకారం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అలా ఉంటే ఆ పాలసీ కాపీ ఇమ్మని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. నోటితో అడిగితే "చూద్దాం సిస్టర్" అంటారు, మెయిల్ పెడితే ఏదో ఒక జవాబు రాయాల్సి వస్తుంది. ఎన్ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతని చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆస్పత్రి అయితే ఉద్యోగుల ఫిర్యాదుల విధానం రాతపూర్వకంగా ఉండి తీరాలి. అది కూడా అడగండి.

చట్టం సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చిన షాపులు, సంస్థల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. 5 గంటలకి మించి పని చేయించాలంటే మధ్యలో కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకి దీన్ని సడలించి రోజుకి 10 గంటల దాకా అనుమతించింది. అప్పుడు కూడా వారానికి 48 గంటల లెక్క అలాగే ఉంది, 6 గంటలు దాటితే అరగంట విశ్రాంతి ఇవ్వాలన్న షరతు ఉంది. ఇక 2025 నవంబరు 21 నుంచి కేంద్రం తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పని పరిస్థితులకి సంబంధించిన కోడ్ 10 మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థలకి వర్తిస్తుంది. రోజుకి 8 గంటలు మామూలు పని, ఓవర్‌టైమ్‌కి కార్మికుల సమ్మతి, రెట్టింపు రేటు, ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్, ఇవి అందులో ఉన్నాయి.

మీ ఆస్పత్రి కంపెనీదా, ట్రస్టుదా, ప్రభుత్వానిదా, ఏ చట్టం కింద రిజిస్టర్ అయింది అన్నదాన్ని బట్టి వర్తించే సెక్షన్ మారుతుంది. రిసెప్షన్ వెనక గోడకి ఫ్రేములు కట్టి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు వేలాడుతుంటాయి కదా, వాటి వివరాలు రాసి పెట్టుకోండి. తర్వాత లేబర్ ఆఫీసుకి వెళ్లాల్సి వస్తే పనికొస్తాయి.

బయటి దేశాలకి వెళ్లిన మన సిస్టర్లకి ఒక మాట. యూఏఈలో 5 గంటలకి మించి ఏకధాటిగా పని చేయించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఉండాలి. సౌదీలో అదే 5 గంటలకి అరగంట. బ్రిటన్‌లో 6 గంటలు దాటిన షిఫ్టుకి కనీసం 20 నిమిషాలు. కాలిఫోర్నియాలో అయిదో గంట ముగిసేలోపు అరగంట భోజన విరామం ఇవ్వకపోతే, ఆ రోజుకి ఒక గంట జీతం అదనంగా కట్టాలి. అక్కడ మన పిల్లలు నిక్కచ్చిగా బ్రేక్‌కి వెళ్లడానికి వాళ్ల స్వభావం మారిపోవడం కారణం కాదు, ఇవ్వకపోతే ఆస్పత్రికి ఖర్చవుతుంది.

రెండో పని: షిఫ్ట్ మొదట్లోనే టైమూ, జతా తేల్చుకోండి

బ్రేక్‌ని "ఖాళీ దొరికితే" అనే మాటకి వదిలేస్తే ఆ ఖాళీ రాదు. పొద్దున హ్యాండోవర్ అయిన వెంటనే, బెడ్లు పంచుకునేటప్పుడే బ్రేక్ కూడా పంచుకోండి. ఎవరి జత ఎవరో, ఎవరు ఎప్పుడు వెళ్తారో అసైన్‌మెంట్ షీట్‌లో బెడ్ నంబర్ల పక్కనే రాయండి. షీట్ లేకపోతే స్టేషన్‌లో తెల్లబోర్డు మీద రాయండి. డాక్టర్లకీ కనిపించాలి.

టైమ్ ఎంచుకునేటప్పుడు గడియారం కన్నా వార్డు నడకని చూడాలి. 8 నుంచి 8 డ్యూటీ ఉన్న మామూలు మెడికల్ వార్డునే తీసుకోండి. పొద్దున 9 నుంచి 11 దాకా రౌండ్స్. 12:30కి షుగర్ చెక్, ఇన్సులిన్, పేషెంట్ల భోజనాలు, అది 1:15 దాకా సాగుతుంది. 2 గంటలకి యాంటీబయాటిక్స్. ఈ మూడు వేళల్లో ఎవరూ వెళ్లలేరు, వెళ్లాలని రాసుకున్నా కుదరదు. కాబట్టి ముగ్గురున్న వార్డులో ఒకరు 11:45కి, ఒకరు 1:15కి, ఇంకొకరు 2:30కి వెళ్లొచ్చు. 11:45కి అన్నమేంటి అనిపిస్తుంది. పొద్దున 6:30కి రెండు ఇడ్లీలు తిని బయల్దేరిన మనిషికి ఆకలి వేసేది అప్పుడే. రోజూ ఒకరికే 2:30 పడకుండా వారం వారం తిప్పండి. జూనియర్‌కి ఎప్పుడూ చివరి టైమ్ ఇచ్చే అలవాటు చాలా వార్డుల్లో ఉంది, దాన్ని సీనియర్లే మాన్పించాలి.

మీ షిఫ్టులో మీరు ఒక్కరే నర్సు అయితే జత దొరకదు. అప్పుడు షిఫ్ట్ మొదట్లోనే ఫ్లోర్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి "ఈ రాత్రి నాకు రిలీవర్ ఎవరు మేడమ్?" అని పేరు అడగండి. పేరు చెప్తే వార్డు రిజిస్టర్‌లో రాసుకోండి. "ఎవరూ లేరు" అంటే అది కూడా టైమ్‌తో సహా రాయండి. ఆయమ్మకి చెప్పి వెళ్లడం, పేషెంటు తాలూకు వాళ్లని "కాస్త చూస్తుండండి" అనడం రిలీఫ్ కాదు. ఏదైనా జరిగితే పేషెంట్లని వదిలి వెళ్లింది మీరే అవుతారు.

మూడో పని: వెళ్లేముందు బెడ్డు దగ్గరే హ్యాండోవర్ ఇవ్వండి

బ్రేక్‌కి వెళ్లిన నర్సుని మధ్యలో పిలిపించే ఫోన్లలో చాలా వరకు ముందే చెప్పి ఉంటే రానివే. మూడు, నాలుగు నిమిషాలు పెట్టి బెడ్డు బెడ్డుకీ తిరగండి.

ఐసీయూలో ఒక బెడ్డు అనుకోండి. బీపీ పడకుండా నిలబెట్టే నోరాడ్రినలిన్ మందు సిరంజ్ పంపులో 6 ఎంఎల్ మిగిలింది, గంటకి 8 ఎంఎల్ వెళ్తోంది. అంటే 45 నిమిషాలకి అయిపోతుంది. మీరు అరగంటకి తిరిగొచ్చినా 15 నిమిషాలే చేతిలో ఉంటుంది, లిఫ్ట్ దగ్గర ఆలస్యమైతే అదీ ఉండదు. కొత్త సిరంజ్ లోడ్ చేసి, డోసు, టైమ్, మీ సంతకంతో లేబుల్ అంటించి సిద్ధంగా ఉంచండి. జత సిస్టర్‌కి చూపించి "ఇది అయిపోవస్తే ఇదే ఎక్కించండి" అని చెప్పండి. యూరిన్ బ్యాగ్ నిండితే ఖాళీ చేసి వెళ్లండి. వచ్చే అరగంటలో ఇవ్వాల్సిన మందు ఏదైనా ఉంటే ఇచ్చే వెళ్లండి, కుదరకపోతే ఎవరు ఇస్తారో తేల్చండి. ఇద్దరూ ఇవ్వడమో, ఇద్దరూ మర్చిపోవడమో ఇక్కడే జరుగుతుంది. మత్తుమందుల బీరువా తాళం జేబులో వేసుకుని క్యాంటీన్‌కి వెళ్లకండి, మీ ఆస్పత్రి పద్ధతి ప్రకారం అప్పజెప్పి సంతకం చేయించండి.

ఏం జరిగితే ఫోన్ చేయాలో కూడా చెప్పాలి. బీపీ ఇంతకి పడితే, ఆక్సిజన్ శాచురేషన్ ఇంతకి తగ్గితే, పేషెంటు ట్యూబ్ లాక్కుంటే పిలవండి అని. ఫైలు ఎక్కడ పెట్టారు, ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ వాళ్లు వచ్చారు, అటెండర్ ఏదో అడుగుతున్నాడు, వీటికి పిలవొద్దని ముందే అనుకోండి. మీ జత వెళ్లినప్పుడు మీరూ అదే మాట మీద నిలబడాలి.

నాలుగో పని: వార్డు దాటి వెళ్లి తినండి

నర్సింగ్ స్టేషన్ వెనక కుర్చీలో కూర్చుని తింటే అది బ్రేక్ అవ్వదు. కనిపిస్తే పిలుస్తారు, పిలిస్తే లేస్తాం. పైగా రక్తం శాంపిళ్లు, మందులు ఉన్న చోట తినకూడదని ఇన్ఫెక్షన్ కంట్రోల్ నియమం ఉండనే ఉంది. గ్లవ్స్, ఏప్రన్ తీసి, చేతులు కడుక్కుని, క్యాంటీన్‌కో ఛేంజింగ్ రూమ్‌కో వెళ్లండి. కూర్చునే చోటు లేదంటే దాన్నే మొదటి డిమాండ్‌గా పెట్టండి. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక ఫ్యాన్, వేడి చేసుకోవడానికి ఒక ఓవెన్, వీటికి ఏ మేనేజ్‌మెంట్‌కీ పెద్ద ఖర్చు కాదు.

రాత్రి డ్యూటీ అయితే ఇంట్లో 7 గంటలకే తినేసి రండి. అర్ధరాత్రి ఒంటిగంట లోపు ఇంకాస్త తేలికగా తినండి. నాలుగింటికి ఒక పండో, మజ్జిగో చాలు. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని గొంతు ఎండగట్టుకునే సిస్టర్లు ప్రతి ఆస్పత్రిలోనూ ఉన్నారు. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో ఓపీలో కూర్చునేదీ వాళ్లే. బాత్రూమ్‌కి వెళ్లే అయిదు నిమిషాలకి కూడా జతకి చెప్పి వెళ్లే అలవాటు పెట్టండి.

షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఉంటే వాళ్లకి మొదటి బ్రేక్. రంజాన్‌లో ఉపవాసం ఉన్న సిస్టర్‌కి ఇఫ్తార్ టైమ్ వదిలేసి మిగతావాళ్లు సర్దుకోండి. ఇవి అడిగించుకోకుండా ఇవ్వాల్సినవి.

అయిదో పని: పోయిన బ్రేక్‌ని రాసి పెట్టండి

ఇది అందరూ బద్ధకించే పని. తర్వాత వచ్చే ప్రతి మాటకీ బలం ఇదే. జేబులో పట్టే చిన్న పుస్తకం చాలు. తేదీ, షిఫ్టు, వార్డులో పేషెంట్లు ఎంతమంది, నర్సులు ఎంతమంది, బ్రేక్ ఎప్పుడు రాసుంది, ఎప్పుడు దొరికింది, దొరకకపోతే ఎందుకు, ఎవరికి చెప్పారు. ఇలా:

"డే డ్యూటీ. పేషెంట్లు 18, నర్సులు 2. బ్రేక్ 1:15కి ఉంది. 1:10కి అడ్మిషన్, రిలీవర్ లేరు. 1:20కి ఇన్‌చార్జ్ మేడమ్‌కి చెప్పాను. 4:40కి పది నిమిషాలు. 8:50కి బయటికొచ్చాను."

పేషెంట్ల పేర్లు, జబ్బులు అందులో రాయకండి. కేస్ షీట్ ఫోటోలు తీయకండి. వాట్సాప్ స్టేటస్‌లో కోపం చూపించకండి. న్యాయం మీ వైపు ఉన్నా గోప్యత తప్పారని మీ మీదే చర్య తీసుకోవడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. డ్యూటీ దిగాల్సిన టైమ్, నిజంగా దిగిన టైమ్ కూడా రాయండి, ఓవర్‌టైమ్ అడగడానికి కావాలి. బయోమెట్రిక్‌లో పంచ్ చేసి మళ్లీ వచ్చి పని చేయమంటే చేయకండి. పని పూర్తయ్యాకే పంచ్ చేయండి.

జత సిస్టర్లు కూడా ఇలాగే రాస్తే ఇంకా మంచిది. ఒకరి పుస్తకం ఫిర్యాదులా కనిపిస్తుంది, నలుగురివి కలిస్తే వార్డు పరిస్థితి తెలుస్తుంది.

ఆరో పని: ఇన్‌చార్జ్‌తో మాట్లాడండి

ఇన్‌చార్జ్ సిస్టర్‌ని శత్రువుగా చూడకండి. చాలాచోట్ల ఆమె కూడా తినట్లేదు. రద్దీ లేని వేళ, విడిగా, లెక్కలతో మాట్లాడండి.

"మేడమ్, పోయిన రెండు వారాల్లో మన వార్డులో బ్రేకులు ఎన్ని పోయాయో రాశాం. ఎక్కువగా ఒంటిగంట దగ్గరే పోతున్నాయి, అడ్మిషన్లు అప్పుడే వస్తున్నాయి. ఆ గంటన్నర ఒక ఫ్లోటింగ్ నర్సుని అడగగలమా? లేదంటే కొత్త అడ్మిషన్‌ని ఎవరు తీసుకోవాలో పొద్దునే షీట్‌లో రాద్దామా?"

ఇలా అడిగితే ఆమె పైకి తీసుకెళ్లడానికి ఒక మాట దొరుకుతుంది. "మా టైమ్‌లో మేమూ తినలేదు" అని జవాబు వస్తే వాదనకి దిగకండి. లెక్క చూపించి, రాసి ఇస్తామని చెప్పి వచ్చేయండి.

మనుషులు తక్కువున్నారన్నది అసలు సమస్య అయితే దానికీ ఒక కొలత ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలి. సెలవుల కోసం ఇంకో 30 శాతం అదనంగా ఉంచాలి. మీ వార్డు దీనికి ఎంత దూరంలో ఉందో లెటర్‌లో రాయొచ్చు.

ఏడో పని: లెటర్ పెట్టండి

నలుగురైదుగురు కలిసి సంతకం చేయండి. మీ ఆస్పత్రిలో ఇంగ్లీషులో రాసే అలవాటుంటే ఇంగ్లీషులోనే రాయండి, విషయం మాత్రం ఇంత సూటిగా ఉండాలి:

"నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి, వార్డు ఇన్‌చార్జ్ ద్వారా. విషయం: భోజన విరామానికి రిలీవర్‌ని ఏర్పాటు చేయడం గురించి. మేడమ్, మా వార్డులో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇన్ని షిఫ్టుల్లో ఇన్నింటిలో నర్సులకి భోజన విరామం దొరకలేదు. వివరాల పట్టిక జతచేశాం. దీనివల్ల మందుల వేళల్లో తప్పు జరిగే ప్రమాదం ఉందని మా ఆందోళన. ప్రతి షిఫ్టులో అరగంట విరామం, ఆ సమయానికి రిలీవర్ పేరు అసైన్‌మెంట్ షీట్‌లో చేర్చవలసిందిగా కోరుతున్నాం. దయచేసి 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు."

రెండు కాపీలు తీసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టకపోతే అదే లెటర్‌ని మెయిల్ చేయండి, లేదా స్పీడ్ పోస్ట్‌లో రిజిస్ట్రేషన్ చేయించి పంపండి.

20 మంది, అంతకన్నా ఎక్కువ మంది కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కొత్త లేబర్ కోడ్ చెప్తోంది. యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండాలి, 30 రోజుల్లో తేల్చాలి. "మన దగ్గర ఈ కమిటీ సభ్యులెవరు?" అని ఒక్క లైను మెయిల్ పెట్టండి. అప్పటికీ కదలిక లేకపోతే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, రోస్టర్ కాపీలు, మీ పుస్తకం, లెటర్ కాపీ పట్టుకెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి, నర్సుల సంఘం ఉంటే దాని ద్వారా వెళ్లండి. లెటర్ పెట్టిన తర్వాత ఉన్నట్టుండి వరసగా నైట్లు పడినా, వార్డు మార్చినా, మెమో వచ్చినా ఆ తేదీలు రాసుకోండి. కక్ష సాధింపు అని చెప్పడానికి తేదీల వరసే ఆధారం. మెమోకి జవాబు రాయకుండా మాత్రం వదిలేయకండి.

జీతం గురించి అడిగేటప్పుడు ఒక ఆధారం ఉంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాలకి సిఫార్సులు చేసింది. 200కి మించి పడకలున్న ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. 100కి మించితే ప్రభుత్వ నర్సు జీతం కన్నా 10 శాతానికి మించి తగ్గకూడదంది. 50 నుంచి 100 దాకా ఉంటే 25 శాతానికి మించి తగ్గకూడదంది. 50 కన్నా తక్కువ పడకలుంటే కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. పని గంటలు, సెలవులు కూడా ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలంది. సిఫార్సు కాబట్టి దానంతటది అమలు కాదు, అడిగేవాళ్లు ఉంటేనే బయటికొస్తుంది.

బ్రేక్‌తో పాటు తెలిసి ఉండాల్సినవి

పాపకో బాబుకో పాలిస్తున్న తల్లులకి, బిడ్డకి 15 నెలలు నిండేదాకా మామూలు విరామం కాక రోజుకి ఇంకో రెండు విరామాలు చట్టం ఇచ్చింది. ఇది అడిగితే "అలాంటిది ఏమీ లేదు" అనే ఇన్‌చార్జ్‌లు ఉన్నారు. ఉంది. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు. గర్భం వల్ల సెలవులో ఉన్నప్పుడు ఉద్యోగం తీసేయకూడదు.

డాక్టరైనా, పేషెంటు బంధువైనా, తోటి ఉద్యోగైనా లైంగికంగా వేధిస్తే, 10 మంది ఉన్న ప్రతి సంస్థలో ఉండాల్సిన అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పేషెంటు తాలూకు వాళ్లు చేయి చేసుకుంటే "వదిలేయండి సిస్టర్" అన్న మాట వినకండి. వైద్య సిబ్బంది మీద దాడులకి ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది, అది నర్సులకీ వర్తిస్తుంది. ఆస్పత్రి చేత పోలీసు ఫిర్యాదు ఇప్పించండి, మీ గాయానికి మెడికో లీగల్ నమోదు చేయించండి.

చివరిగా సర్టిఫికెట్లు. ఇన్ని హక్కులు తెలిసి కూడా నర్సులు నోరు మెదపలేకపోవడానికి చాలాచోట్ల కారణం ఇదొక్కటే, ఒరిజినల్స్ హెచ్ఆర్ బీరువాలో ఉంటాయి. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించండి, అటెస్ట్ చేసిన కాపీలు ఇవ్వండి, ఒరిజినల్స్ అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఏమేం ఇచ్చారో వరసగా రాసి, వాటిని తిరిగి ఇమ్మని ఈ వారమే మెయిల్ పెట్టండి. విదేశీ ఉద్యోగం కోసం వెరిఫికేషన్, పై చదువు దరఖాస్తు లాంటి నిజమైన అవసరం ఏదైనా ఉంటే అది కూడా రాయండి. బ్రేక్ గురించి లెటర్ పెట్టేది సర్టిఫికెట్లు మీ ఇంటికి చేరాకే అయితే ఇంకా మంచిది.